చాంద్‌మణి పొలం మన్ను

సోమవారం పొద్దున్న లారీ దిగుతూనే జోగమ్మ మట్టిగుట్ట వైపు చూసింది. సగం గుట్ట లేదు.

పలుగురాయి కోసం నేల తవ్వబోయే ముందు మూరెడు లోతున గీకి తీసిన పైమన్ను అది. గొయ్యి పూడ్చాక మళ్ళీ పైన పరచాలని పక్కన పోసి ఉంచారు. మొక్కల వేళ్ళు పట్టుకుంటే వానకు కొట్టుకుపోదని, మన్ను చచ్చిపోదని ఒక ఇంజనీరు చెబితే, నాలుగు వానాకాలాలు దాని మీద ఉలవలు చల్లింది జోగమ్మ. ఇంజనీరు బదిలీ అయిపోయినా ఆమె ఆ పని మానలేదు. జంషెడ్‌పూర్‌లోని భాలుబాసా బస్తీ నుంచి కాంట్రాక్టరు లారీలో రోజూ గనికొచ్చే పన్నెండు మంది ఆడకూలీలకు ఆమే పెద్ద.

టైర్ల జాడలు గొయ్యి వైపు కాదు, రోడ్డు వైపు పోయాయి.

కాంట్రాక్టరు లెక్కలు రాసే మున్షీ కూర్మారావు రేకుల షెడ్డు కింద టీ తాగుతున్నాడు. టెక్కలి వైపు వాడు, జోగమ్మ వాళ్ళ పక్క ఊరే. ఆమెను అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాడు.

"మన్నేటయినాది బాబూ?"

"ఏ మన్ను?"

"నీకు తెలీదేటి ఏ మన్నో."

కూర్మారావు గ్లాసు కింద పెట్టాడు. "ఇటికల బట్టీకి ఎలిపోనాది అప్పా. కంట్రాక్టరు మాలిక్ పంపమన్నాడు. గొయ్యి పూడ్చీసినాం కదా, ఇంకేటి?"

"రాళ్ళేసి పూడ్చినారు. రాళ్ళ మీద ఏటి పండుతాది?"

"రోడ్డు పక్కన నాలుగు వేళ్ళ మందాన మన్ను పోసి గడ్డి పరిపించీసినాం. బుధవారం గనుల ఆఫీసు సాబ్ వత్తాడు, సూత్తాడు, ఎలిపోతాడు. నువ్వూరుకో."

ఎలా ఊరుకుంటుంది? అది చాంద్‌మణి పొలం మన్ను. డెబ్భై తొమ్మిదిలో డోజరు వచ్చిన రోజున ఆ హో తెగ పిల్ల తన పొలంలో చతికిలబడి లేవనంది. ఆడమనిషి చెబితే వింటుందని కూర్మారావు జోగమ్మను పంపాడు. జోగమ్మ పక్కన కూర్చుని తనకొచ్చిన హిందీలో నచ్చజెప్పింది. "తవ్వడం అయిపోయాక ఈ మన్నే తెచ్చి నీ పొలంలో పరుస్తారు. నేను చూసుకుంటాను. నా మాట నమ్ము" అంది. చాంద్‌మణి లేచింది. తర్వాత ఇదే ముఠాలో చేరి తన పొలంలోని రాయి తనే గంపతో మోసింది. ఉలవలు ఇద్దరూ కలిసే చల్లేవారు.

ఇప్పుడు చాంద్‌మణి మిగిలిన గుట్ట ముందు నిలబడి ఉంది. వంగి గుప్పెడు మన్ను తీసి, మళ్ళీ గుట్ట మీదే వేసింది. తిట్టినా బాగుండేది. జోగమ్మకు ఒళ్ళు మండిపోయింది. తన నోటితో అబద్ధమాడించారు. ఆ అబద్ధానికి నాలుగేళ్ళు తనే కాపలా కాసింది.

బట్టీ లారీ రివర్సులో గుట్ట దగ్గరికి వచ్చింది. జోగమ్మ గంప బోర్లించి దాని వెనక చక్రానికి అడ్డంగా కూర్చుంది. చాంద్‌మణి వచ్చి కూర్చుంది. ఇంకో అయిదుగురు వచ్చారు. మిగతావాళ్ళు దూరంగా నిలబడిపోయారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"పని పోతాది అప్పా. మనూరోడినని సెప్తన్నాను" అన్నాడు కూర్మారావు.

"మనూరోడివనే ఆయేల నీ మాట మోసుకెల్లినాను. సిగ్గు నేదేటి నీకు?"

ఆ రోజూ, మర్నాడూ లారీ నిండలేదు.

బుధవారం జీపు వచ్చింది. సాబ్ వయసు మళ్ళినవాడు. రోడ్డు పక్క పచ్చగడ్డి చూసి, తల ఊపి, జీపు వైపు తిరిగాడు. జోగమ్మ గునపం పట్టుకుని అడ్డం వెళ్ళింది. "సాబ్, ఏక్ మినిట్." కూర్మారావు చెయ్యి పట్టుకుంటే విదిలించేసింది. గునపం ఎత్తి గడ్డిలో పొడిచింది. నాలుగు వేళ్ళ లోతు దిగి ఠంగుమంది. పది అడుగులు నడిచి మళ్ళీ పొడిచింది. మళ్ళీ ఠంగుమంది. మూడోసారి, మీరే పొడవండంటూ గునపం సాబ్ చేతికిచ్చింది.

"ఆప్ మారియే."

ఆయన నిజంగానే పొడిచాడు. తర్వాత, మిగతా మన్ను ఎక్కడని కూర్మారావును అడిగాడు, "బాకీ మిట్టీ కహాఁ హై?" జోగమ్మ రోడ్డు వైపు చెయ్యి చూపించింది.

మిగిలిన గుట్ట గని దాటకూడదని, అది పొలంలో పరిచేదాకా పొలం బాగుచేసినట్టు కాంట్రాక్టరుకు కాగితం ఇవ్వనని సాబ్ రాసిపెట్టి వెళ్ళాడు. కానీ బట్టీకి పోయిన మన్ను అప్పటికే ఇటికలై కాలుతోంది. దాన్ని ఏ సంతకం వెనక్కి తెస్తుంది? గురువారం నుంచి జోగమ్మను కూలీల లారీ ఎక్కనివ్వలేదు.

పొలమంతా పలచగా పరిస్తే మన్ను మొత్తం చస్తుందని చాంద్‌మణి పట్టుబట్టింది. సగం పొలానికే నిండుగా పోయించుకుంది. మిగతా సగం రాళ్ళే.

ఆదివారం జోగమ్మ బస్సెక్కి ఆ పొలానికి వెళ్ళింది. చాంద్‌మణి మన్నులో కలిసిన రాళ్ళు ఏరుతోంది.

"నన్ను తిట్టు" అంది జోగమ్మ హిందీలో. "నా మాట వినే కదా లేచావు."

"తిడితే మన్ను వస్తుందా?" అంది చాంద్‌మణి తలెత్తకుండానే.

జోగమ్మ చీర కుచ్చిళ్ళు దోపి ఆమె పక్కన వంగింది. రాయి తీసి మన్ను లేని సగంలోకి విసిరినప్పుడల్లా కూర్మారావును, మాలిక్‌ను, తనను తిట్టుకుంటూనే ఉంది. పొద్దు వాలుతున్నా కోపం తగ్గలేదు.

"అక్కడ కాదు," అంది చాంద్‌మణి చివరికి. "గట్టు మీద వెయ్యి."