అద్దె చుట్టాలు

"ఇల్లు నీ పేరు మీదే పెట్టాను కదా, ఇంకేం కావాలి నీకు?"

ఈ మాట మేష్టారి నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. గ్యాస్ అయిపోయిందంటే ఇదే మాట. చెప్పులు తెగాయంటే ఇదే మాట. ఆ రోజు పొద్దున్న మెట్లు కడుగుతుంటే బకెట్ పిడి ఊడి చేతిలోకొచ్చింది, కొత్తది కొనాలండీ అంటే, దానికీ ఇదే మాట. అని, తడి వరండా మీద బూట్ల అచ్చులు వేసుకుంటూ వెళ్ళి కారెక్కారు. మేష్టారు కాలేజీలో పౌరశాస్త్రం చెబుతారు. పౌరుల బాధ్యతల గురించి ఆయన పాఠం చెబితే వెనక బెంచీ పిల్లలు కూడా నోరు మూసుకుని వింటారట. మేష్టారి భార్య గుడ్డ తీసుకుని వరండా మళ్ళీ తుడిచింది.

వీధిలో అందరూ ఆవిడని ఓనరమ్మ అంటారు. పిలుపు ఘనంగానే ఉంది. ఆడవాళ్ళ పేరు మీద కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని ఎవరో చెబితే మేష్టారు ఇల్లు ఆవిడ పేరున రాయించారు, అంతే సంగతి. అత్తగారు మాత్రం బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేది: "నా కొడుకు ఇల్లంతా రాసిచ్చేశాడమ్మా, ఏ మొగుడు రాస్తాడు ఈ రోజుల్లో!" గేటు పక్కన రాతి పలక మీద మాత్రం మేష్టారి పేరూ, ఆయన డిగ్రీలూ ఉన్నాయి.

పైన రెండు వాటాలు. అద్దె ఒకటో తారీఖు సాయంత్రం కవర్లో పెట్టి మేష్టారి చేతికివ్వాలి, నగదే ఇవ్వాలి, రసీదు అడగకూడదు. మిగతాదంతా ఓనరమ్మ చూసుకుంటుంది. తెల్లారకుండానే మోటారు వెయ్యాలి, ట్యాంకు నిండి పొర్లకుండా కట్టెయ్యాలి. మెట్ల మీద బల్బు పోతే స్టూలెక్కాలి. పైవాళ్ళ గొట్టం కారితే ప్లంబర్ని బతిమాలాలి. చెత్త బుట్ట ఎవరిదని పైన పోట్లాడుకుంటే చీర కుచ్చిళ్ళు పట్టుకుని పైకెక్కి తీర్పు చెప్పాలి.

వీటన్నిటికంటే గొప్పది చుట్టరికం. అద్దెకున్నారని తెలిస్తే ఇంటి పన్ను ఎక్కువ వేస్తారు, బంధువులుంటే తక్కువ. అందుకని మేష్టారు ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకి అడ్వాన్సు ఎంతో చెప్పి, ఆ తర్వాత వరసలు చెబుతారు. "నువ్వు మా ఆవిడకి తమ్ముడివి. ఆవిడని అక్కా అనాలి, పన్నువాళ్ళొస్తేనే కాదు, రోజూ అనాలి. అలవాటు తప్పితే దొరికిపోతాం." అలా ఇప్పుడు కుడివైపు వాటాలో ఉన్న టాక్సీ డ్రైవరు ఆవిడకి తమ్ముడయ్యాడు. ఎడమవైపు ఒంటరిగా ఉంటున్న నర్సు ఆడపడుచయ్యింది. సామాను ఇంకా మెట్ల మీద ఉండగానే "వదినా, నీళ్ళు ఎన్నింటికి వదులుతారు?" అని కేకేసింది మహాతల్లి.

ఆ మధ్యాహ్నం పన్ను ఆఫీసు మనిషొకడు జిగురు డబ్బాతో వచ్చి, గేటు మీద పెద్ద కాగితం పరిచి, అరచేత్తో నాలుగువైపులా అదిమాడు. ఓనరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఎవరి పేరు బాబూ అది?"

"మీదేనమ్మా. ఓనరు మీరేగా?"

పెద్ద పెద్ద అక్షరాల్లో ఇంటి పేరుతో సహా ఆవిడ పేరు. దాని కింద 'బకాయిదారు'. ఏళ్ళ తరబడి పన్ను కట్టలేదు, విచారణకి రండి, రాకపోతే ఇల్లు జప్తు చేస్తాం అని ఉంది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి కదా, సిగ్గుకంటే ముందు ఆవిడకి ఒక చిన్న సంతోషం కలిగింది. ఆ గేటు మీద తన పేరు పడడం అదే మొదలు. అక్షరాలు కూడా ముద్దుగా ఉన్నాయి. ఆ తర్వాతే 'జప్తు' అన్న మాట దగ్గరికెళ్ళి మళ్ళీ చదివింది. ఏటేటా ఆవిడ "ఏవండీ, పన్ను కట్టారా?" అని అడుగుతూనే ఉంది. "ఆడవాళ్ళకెందుకు అవన్నీ, కట్టేశాలే" అంటూనే ఉన్నారు ఆయన. ఆ డబ్బు ఎటు పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ పొద్దున్న తనే తుడుస్తుంది ఆ కారుని.

సాయంత్రం మేష్టారు వస్తూనే గేటు చూసి, మగ్గుతో నీళ్ళు తెచ్చి కాగితం నానబెట్టి గోళ్ళతో గీకడం మొదలెట్టారు. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావు నువ్వు? వాడు అంటిస్తుంటే చూస్తూ ఊరుకున్నావా? వీధిలో నా పరువేం కాను?"

"పేరు నాదండీ," అంది ఆవిడ.

"అదే మరి! నీ పేరే కాబట్టి నువ్వే వెళ్ళి చెప్పాలి. పైవాళ్ళు తమ్ముడూ ఆడపడుచూ అని, అద్దె అన్నది పైసా రావట్లేదని, పూర్వం లాగే తక్కువ పన్ను వెయ్యమని సంతకం పెట్టి రా. నేనూ వస్తాలే పక్కన. కాస్త కళ్ళనీళ్ళు పెట్టుకో, ఆడదానివి, జాలిపడతారు."

ఓనరమ్మ వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ మూత పెట్టింది. పెడుతూ ఆలోచనలో పడింది. అబద్ధం కొత్త కాదు, చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ చెవులు వేడెక్కిపోయేవి, ఇప్పుడు మనసుని తొలుస్తున్నది ఆ సంగతి కూడా కాదు. అసలు ఈ చుట్టరికాల వల్ల తను ఏం బావుకుంది? డ్రైవరు అద్దె కట్టేటప్పుడు మేష్టారికి అద్దెవాడు. పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిన రోజున మాత్రం తనకి తమ్ముడు. "అక్కా, ఆకలేస్తోందే" అంటే పెట్టకుండా ఎలా ఉంటుంది? పిలుపు అలాంటిది మరి. వాళ్ళ పాపకి జ్వరమొస్తే మేనత్తలాగా రాత్రంతా ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నర్సుకి నైట్ డ్యూటీ అయితే పాలు తీసి కాచి పెట్టేది తనే, ఎంతైనా ఆడపడుచు. అద్దెవాళ్ళైతే ఇవేవీ చెయ్యక్కర్లేదు, ఏ ఓనరు చేస్తున్నాడు గనక? అంటే డబ్బు దగ్గర వాళ్ళు అద్దెవాళ్ళు, చాకిరీ దగ్గర చుట్టాలు. డబ్బు ఆయనకి, చాకిరీ తనకి. ఎంత చక్కగా పంచారు మేష్టారు! ఇన్నాళ్ళూ ఈ మట్టిబుర్రకి తట్టలేదేమిటా అని ఆవిడకి తన మీద తనకే నవ్వొచ్చింది. కుక్కర్ ముందు నిలబడి ఒక్కతే నవ్వుతుంటే, హాల్లోంచి "ఏమిటా నవ్వు?" అని గద్దించారు మేష్టారు. ఏం లేదండీ అంది. ఏం లేదు అన్న మాట కూడా ఈ ఇంట్లో ఆవిడ చాలాసార్లే అంది.

మర్నాడు పాలు ఇవ్వడానికి వెళ్ళి నర్సుతో విషయమంతా చెప్పింది.

నర్సు చేతిలో గ్లాసు పక్కన పెట్టేసింది. "వదినా, ఒక మాటంటాను కోప్పడకు. అద్దె రసీదు చూపిస్తే మా హాస్పిటల్లో నాకు ఇంటద్దె కింద కొంత ఇస్తారు. అన్నయ్యగారిని అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. చుట్టాలకి రసీదేమిటమ్మా అంటారు. నేను నెలనెలా కట్టేది అద్దా, కానుకా?"

"నాకెందుకు చెప్పలేదే మరి?"

"నువ్వు పన్లో ఉంటావు కదా ఎప్పుడూ!"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక ఇద్దరూ వెళ్ళి డ్రైవరు వాటా తలుపు తట్టారు.

విచారణ రోజున మేష్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారంతా కార్లో పాఠం చెప్పారు. పన్ను ఆఫీసులో గోడవార బల్ల మీద చాలాసేపు కూర్చోబెట్టి, ఆఖరికి లోపలికి పిలిచారు. అధికారిణికి ఇంచుమించు ఓనరమ్మ వయసే ఉంటుంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని పాత కాగితాలు తిరగేస్తోంది.

"మీకు తమ్ముళ్ళెంతమందమ్మా?"

"ఒక్కడేనండీ, టాక్సీ నడుపుతాడు," అన్నారు మేష్టారు.

"మరి బేకరీలో పనిచేసే తమ్ముడు ఏమయ్యాడు? ఆ తర్వాత ఫొటోగ్రాఫర్ తమ్ముడు. ఇద్దరు పిల్లల తమ్ముడు. ఆ మరుసటేడు పెళ్ళికాని తమ్ముడు. మావాళ్ళు వచ్చినప్పుడల్లా కొత్త తమ్ముడే రాసుకొచ్చారు. మీ అమ్మగారిది చాలా ఓపికండీ!"

పక్క బల్ల దగ్గర గుమాస్తా కిసుక్కుమన్నాడు. వెళ్ళిపోయిన అద్దెవాళ్ళు కూడా కాగితాల్లో తమ్ముళ్ళుగా మిగిలిపోతారని మేష్టారికి తోచలేదు పాపం. ఓనరమ్మకి తల్లి గుర్తొచ్చింది. ఒక్క ఆడపిల్లని కని ఊరుకుందని జీవితాంతం మాటలు పడ్డ తల్లి. ఇంతమంది కొడుకుల్ని చూస్తే ఎంత మురిసిపోయేదో అనుకునేసరికి ఇక నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది. మేష్టారు బల్ల కింద నుంచి కాలు తొక్కారు.

"ఆవిడకేమీ తెలియదండీ, ఇంట్లో ఉంటుంది. నేను చెబుతాను."

"నేను ఓనరుతో మాట్లాడుతున్నానండీ," అంది అధికారిణి. ఓనరమ్మ వైపు తిరిగింది. "చూడండమ్మా, ఇవాళ ఉన్నదున్నట్టు చెబితే జరిమానా ఉండదు. బాకీ వాయిదాల మీద కట్టుకోవచ్చు. మళ్ళీ తమ్ముడంటే మాత్రం జప్తు దాకా వెళుతుంది, కేసు కూడా మీ మీదే. ఇంకో సంగతి. అద్దె వస్తుంటే దాన్ని ఆదాయపు పన్ను వాళ్ళకి కూడా మీరే చూపించాలి. ఇల్లు మీది కాబట్టి అది మీ ఆదాయం."

"ఏమన్నారండీ?"

"మీ ఆదాయం అన్నాను."

ఓనరమ్మకి ఒళ్ళంతా ఝల్లుమంది. జనాభా లెక్కలవాళ్ళొస్తే, బ్యాంకువాళ్ళడిగితే, ఆసుపత్రిలో చీటీ రాయించుకుంటే, ప్రతిచోటా మేష్టారు "ఆవిడకేం ఆదాయం, ఖాళీగా ఉంటుంది" అని రాయించేవారు. పన్ను పడేంత ఆదాయం ఉందట తనకి! ఇన్నేళ్ళ నుంచీ ఉందట!

"మా అమ్మకి నేనొక్కదాన్నేనండీ," అంది. "పైన రెండు వాటాలూ అద్దెకే. ఎంతెంత వస్తుందో రాసుకోండి, చెబుతాను. ఒకటో తారీఖు నుంచి అద్దె నాకే ఇస్తారు, నేను రసీదిస్తాను. వాళ్ళతో మాట్లాడేశాను. అందులోంచే వాయిదాలు కట్టుకుంటాను."

మేష్టారు కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నారు. "ఏయ్, నీకు మతిగాని పోయిందా? మరి నా కారు వాయిదా?"

"మీకు జీతం ఉంది కదండీ."

"పన్ను కట్టమంటే ఎవరైనా ఇంత సంబరపడతారా?" అన్నారు మేష్టారు.

"మీకు పాతబడిపోయింది గానీ, నాకిదే మొదటిసారండీ," అంది ఆవిడ. ఎగతాళికి కాదు, నిజంగానే అంది.

అధికారిణి కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, ఓనరమ్మ చెప్పినవన్నీ కాగితం మీద రాసింది. వాటాలు, గదులు, అద్దెలు. సంతకం పెట్టాల్సిన చోటు చూపించబోయి, కలం ఆపింది.

"ఒక్క ప్రశ్న మిగిలిందమ్మా. అద్దె ఇవ్వకుండా మీ ఇంట్లో ఉంటున్న బంధువులెవరైనా ఉన్నారా? నిజం బంధువులు?"

"ఉన్నారండీ, ఒక్కరు," అంది ఓనరమ్మ, పక్క కుర్చీ వైపు చెయ్యి చూపించి.