ఉప్పు లేని పీపా

మా గిప్స్‌లాండ్ తీరాన ఒక పద్ధతి ఉంది. ద్రాక్ష ఎవరి తోటదో, ఆ ఏటి మొదటి సీసా వాళ్ళ భోజనాల బల్ల మీదే తెరవాలి. వైన్ చేసినవాడే స్వయంగా పోయాలి. తోటవాళ్ళు రుచి చూసి ఏదో ఒక మాట అనేదాకా వాడు గ్లాసు ముట్టకూడదు. ఆ రోజు, ఆ ఏటి వైన్ చేసిన రోహన్ పాస్కోకి ఈ పద్ధతి పెట్టినవాడెవడో గానీ వాడి మీద పట్టరాని కోపం వచ్చింది.

తోట యజమాని మావిస్ ట్రెగియర్ వేయించిన చేప, బంగాళాదుంపలు వడ్డించి ఎదురుగా కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. పోయిన భర్త హెర్బర్ట్ నాటిన షార్డొనే ద్రాక్ష తీగలు ఇంటి వెనక నుంచి సముద్రపు గట్టు దాకా ఉన్నాయి. వాటిని పీకించి, నేలను గుర్రాలు పెంచే ఆయనకి అమ్మాలా వద్దా అన్నది ఈ సీసాయే తేలుస్తుందని ముందే చెప్పేసింది.

ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"సముద్రం వచ్చిందబ్బాయ్," అంది. "మా ఆయన బతికున్నన్నాళ్ళూ అదే పాట. గాలిలో ఉప్పు ఏదో ఒకరోజు గ్లాసులోకి దిగుతుందే అనేవాడు. ముందు నీ బుర్రలోకి తెలివి దిగనీ అని ఎగతాళి చేసేదాన్ని. చివరికి ఆయనే గెలిచాడు. ఆ గుర్రాలాయనకి రేపే ఫోన్ చేసి రావద్దంటాను."

రోహన్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆ ఉప్పు సముద్రానిది కాదు. వాడు ఏడాదికి చేసేదే రెండు పీపాలు. కోతల ముందు, ఎండిన చెక్క ఉబ్బి సందులు మూసుకోవాలని పీపాల్లో నీళ్ళు నింపి నానబెడతారు. వాననీళ్ళు ఒక పీపాకే సరిపోయాయి. రెండోదాన్ని బోరు నీళ్ళతో నింపాడు. మా దగ్గర బోరు నీళ్ళు ఉప్పుతో నోట్లో పెట్టుకోలేం. తర్వాత వంపాడు గానీ, అడుగున మిగిలినవి చూసుకోకుండానే రసం పోసేశాడు. అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. చలికాలంలో రెండూ రుచి చూసినప్పుడు సంగతి తెలిసిపోయింది. అప్పుడైనా చెప్పొచ్చు. కానీ పట్నం నుంచి వచ్చిన వ్యాపారి ఉప్పటి పీపా రుచి చూసి, తీరపు వైన్ అంటే ఇదయ్యా, అని భుజం తట్టాడు. అంతే, వీడు నోరు కుట్టేసుకున్నాడు. ఈ రెండో పనికి మాత్రం నాకు వాడి మీద జాలి లేదు.

"అది బోరు నీళ్ళ ఉప్పు, మావిస్ గారూ," అన్నాడు రోహన్ ఇంక దాచలేక. "పీపాలో మిగిలిపోయాయి. నేను చూసుకోలేదు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"వైన్‌లో నీళ్ళు కలిపావన్నమాట."

"కావాలని కాదు."

"తెలిసీ నా బల్ల మీద పోశావు. అది కావాలనేగా?"

వాననీళ్ళు ఒక పీపాకే సరిపోయాయని, రెండోదానికి బోరు నీళ్ళు పట్టానని రోహన్ చెప్పాడు.

"మరి వాననీళ్ళ పీపా ఏమైంది? అందులో ఉప్పు లేదుగా?"

ఈ ప్రశ్న ఒక్కటీ రాకూడదని వాడు దారి పొడవునా కోరుకుంటూ వచ్చాడు.

"అమ్మేశాను. పెద్ద కంపెనీ ట్యాంకరొచ్చి పట్టుకుపోయింది, వాళ్ళ సరుకులో కలిపేశారు. రెండూ పక్కపక్కన ఉంటే ఎవరైనా పోల్చి చూస్తారని భయమేసింది."

"నువ్వు తాగావా?"

"తాగాను."

"ఎలా ఉంది?"

బాగాలేదని ఒక్క అబద్ధమాడితే ఆవిడకి అంత బాధ ఉండేది కాదు.

"దీనికన్నా బాగుంది," అన్నాడు రోహన్. "అంత మంచిది నేనెప్పుడూ చెయ్యలేదు."

హెర్బర్ట్ తీగల ఆ ఏటి అసలు రుచి ఎరిగినవాడు వాడొక్కడే. దాన్ని కాస్తా తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి వదిలించుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఆవిడ కిటికీలోంచి తోట వంక చూసింది. తర్వాత ఉప్పు డబ్బా అందుకుని తన చేప మీద చల్లుకుంది.

"వచ్చే ఏడు ఆ ఉప్పు లేనిది పట్రా," అంది. "ఉప్పు మా ఇంట్లో ఉంది."

నాలుగు తిట్టినా బావుండేదనిపించింది రోహన్‌కి. చల్లారిపోయిన చేపని తల వంచుకునే తిన్నాడు.