మా నాన్న సగం మీసం

మా ఆయనకి సెలూన్ ఉంది. ఒకప్పుడు ఆయన చేతి పనికి జనం బారులు తీరేవాళ్ళు. తర్వాత ఆ చేతికి గ్లాసు అలవాటైంది, కత్తి పడితే వణకడం మొదలెట్టింది. ఎవరి చెంప తెగినా తప్పు మాత్రం ఆయనది కాదు. కత్తి మొద్దుబారిందనేవాడు, లైటు సరిగ్గా లేదనేవాడు, వచ్చినవాడే కదిలాడనేవాడు. విని విని విసుగెత్తి నేను పుట్టింటికి వెళ్ళిపోయాను. మా ఆయన మందు మాన్పించే సెంటర్లో చేరాడు.

ఆ సెంటర్లో ఒక పద్ధతుంది. ఇంటికి పంపేముందు ఎవరి పని వాళ్ళు ఇంటివాళ్ళ ఎదుట చేసి చూపించాలి. అంతకుముందు ఒక వడ్రంగి కుర్చీ చేసి, దానిమీద వాళ్ళావిణ్ణి కూర్చోబెట్టాడట. వడ్రంగికేం, హాయి. మా ఆయన గడ్డం గియ్యాలి. ఎవరికి? హాల్లో ఉన్న మగాళ్ళందరికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చాయి. వాచ్‌మన్ అయితే మూసిన గేటునే మళ్ళీ మూస్తున్నాడు.

చివరికి మా నాన్న లేచాడు. నన్ను అల్లుడితో పంపాలో వద్దో తేల్చడానికి వచ్చిన మనిషి. మా అమ్మని పలకరించినా పలకరించకపోయినా, మీసం దువ్వందే గడప దాటని మనిషి.

"గడ్డం వరకే," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "మీసం జోలికొచ్చావో, నా కూతుర్ని మర్చిపో."

"అలాగే మామయ్యా," అన్నాడు మా ఆయన.

నురగ పట్టించి కత్తి పెట్టాడు. నేను వెనక తలుపు దగ్గర, ఎదురు గోడకున్న అద్దంలో కనపడేలా నిలబడ్డాను. చెయ్యి వణకలేదు. ఒక చెంప నున్నగా అయింది. రెండోది అయిపోవస్తుండగా నాన్న దగ్గాడు. సగం మీసం ఒళ్ళో పడింది.

"అయ్యో, పెద్దాయన దగ్గారు, అందుకే," అంది కౌన్సెలింగ్ మేడమ్ గబగబా.

"నేనూ చూశానండీ," అని వాచ్‌మన్ వంతపాడాడు.

"దగ్గాను, నిజమే," అన్నాడు నాన్న కూడా, పాపం ఏం అనాలో తోచక.

వెతుక్కోనక్కర్లేకుండా సాకు చేతికొచ్చి పడింది. మా ఆయన వదులుతాడా అనుకున్నాను.

"మీరు దగ్గకముందే తెగింది మామయ్యా," అన్నాడు. "తప్పు నాదే. అద్దంలో మీ అమ్మాయిని చూస్తూ ఉండిపోయాను."

నాకు ఒళ్ళు మండింది. నోరు మూసుకుంటే పోయేదిగా, సన్నాసి! మీసంతో పాటు కాపురమూ పోయింది అనుకున్నాను. అంతలోనే తట్టింది. ఇన్నేళ్ళలో తప్పు నాదే అన్న మాట ఆ నోట వినడం అదే మొదలు.

నాన్న అద్దంలోకి చాలాసేపు చూసుకున్నాడు. "మిగతాదీ తీసెయ్యి," అన్నాడు. తీశాక మూతి తడుముకుని, "మీ అమ్మ ఇంట్లోకి రానిస్తుందంటావా?" అని నన్నడిగాడు.

"నా సంగతేంటి నాన్నా?"

"కాపురం చేసేది నువ్వు. నన్నడుగుతావేం?"

వారం వారం రావాలని, మాత్రలు మానకూడదని మేడమ్ చెబుతుంటే మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. ఆ తల ఊపడం నేను చాలాసార్లు చూశాను. అందుకే గేటు దగ్గర నిలదీశాను.

"ఇప్పుడు తాగాలని ఉందా?"

ఇదివరకైతే నా తలమీద చెయ్యేసి, ఆ వాసనంటేనే కడుపులో తిప్పుతుందనేవాడు. ఇప్పుడు నేల చూపులు చూశాడు.

"ఉంది," అన్నాడు. "పొద్దున్నించీ ఉంది."

ఆయన చేతిలో బ్యాగు లాక్కున్నాను.

"పద, ఇంటికెళ్దాం."