గోడ అవతల కరకర

మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలాను. గోడ అవతల కరకరమని చప్పుడు. ఎలుక అనుకున్నాను. ఎలుక అంత ధైర్యంగా కొరకదు. లేచి వెళ్లి పక్కగది తలుపు తోశాను. మా అమ్మాయి స్టీలు గిన్నె ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఐసు ముక్కలు నములుతోంది.

"ఎక్కడిదే అది?"

"ఐసు ఫ్యాక్టరీ వెనక పెట్టుకుని ఎక్కడిదని అడుగుతావేం నాన్నా?"

మాది చేపల లారీలకు ఐసు వేసే ఫ్యాక్టరీ. బోరు నీళ్లు రేకు డబ్బాల్లో పోసి, గడ్డకట్టే తొట్టిలో దించుతాం. గడ్డకట్టాక గొలుసుతో పైకి లాగి దిమ్మలు జార్చేస్తాం. దిమ్మ నడుమ తెల్లగా మసగ్గా ఉంటుంది. అంచులు అద్దంలా ఉంటాయి. మురికంతా నడుమకు పోతుంది, అంచు శుభ్రం అని ఈ పనిలో ఉన్నవాళ్లందరి నమ్మకం. నాదీ అదే.

"అన్నీ అంచు ముక్కలే. చూడు, ఎంత తేటగా ఉన్నాయో."

"చేపల మీద పోసే ఐసు తినడానికి నువ్వేమైనా చేపవా?"

"నేను కాదు. లోపల ఒకటి ఈదుతోందిగా, దానికి కావాలట." కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

ఆరో నెల. పెళ్లయిన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు. మా అల్లుడు మా ఐసు లారీ నడుపుతాడు, మాతోనే ఉంటాడు. సంగతి తెలిసిన రోజు సంబరంలో లారీ వెనక్కి తీసి గేటును గుద్దేశాడు. గేటు ఇప్పటికీ వంకరే. నేను బాగు చేయించలేదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నాకు నవ్వొచ్చే సంగతులు ఎక్కువ లేవు.

మా అమ్మాయిని కని దాని తల్లి ఆ రోజే పోయింది. రక్తం ఆగలేదు. ఆమె ఒంట్లో రక్తం ముందునుంచే తక్కువ. నెలల తరబడి పాలిపోయి తిరిగింది. "కడుపుతో ఉన్నవాళ్లు అలాగే ఉంటారు" అంది మా అక్క. అక్క నా ఇంట్లోనే ఉంటుంది. నా పిల్లను పెంచింది. రోజూ నాకు అన్నం పెడుతుంది. అయినా ఆ మాటను నేను క్షమించలేదు.

నా అరుపులకు అక్క వంటింట్లోంచి వచ్చింది.

"ఏమిట్రా ఆ కేకలు? పిల్ల నోరు కోరిందంటే ఒంటికి కావాలనేగా? నాలుగు ముక్కలు తింటే నీ ఫ్యాక్టరీ కరిగిపోతుందా?"

"నువ్వు మాట్లాడకు. నీ వైద్యం ఒకసారి చూశాను."

అక్క ముఖం మాడిపోయింది. నేను అమ్మాయి కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎర్రదనం లేదు. కాగితంలా తెల్లగా ఉంది.

వరండాలో పడుకున్న అల్లుణ్ణి తట్టి లేపాను. "లారీ తియ్యి. ఆస్పత్రికి."

"లోడు ఎక్కించి ఉంది మామయ్యా. కరిగిపోతుంది."

"కరగనీ."

ఐసు నీళ్లు కార్చుకుంటూ లారీ బజారంతా పరుగెత్తింది. అల్లుడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. మా ఇద్దరి మధ్య కూర్చుని అమ్మాయి పడీ పడీ నవ్వింది. "నాకు నొప్పులు రాలేదు మహాప్రభో! హారన్ ఆపు, జనం చూస్తున్నారు!"

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. చీటీ చూసి కళ్లజోడు తీసింది.

"రక్తం బాగా తక్కువుంది. ఐసు నమలాలనే కోరిక చాలామందికి ఇనుము తక్కువైనప్పుడే వస్తుంది. మాత్రలు రాస్తాను. టీ తాగుతావా?"

"తాగుతుందా అంటే, స్నానం ఒక్కటే టీతో చెయ్యదండీ" అన్నాడు అల్లుడు.

"టీతో మాత్ర వేసుకుంటే ఒంటికి పట్టదు. రెంటికీ మధ్య బాగా ఎడం ఉండాలి. కమలాపండు తిని వేసుకో. ఆకుకూరలు తిను, గుడ్డు బాగా ఉడికించి తిను. ఇక ఆ ఐసు ముట్టుకోకు."

"అంచు ముక్కలే తింటున్నానండీ. తేటగా ఉంటాయి."

"తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రం కాదమ్మా. గడ్డకట్టించినంత మాత్రాన క్రిములు చావవు. చల్లగా పడుకుని ఉంటాయి, నీ కడుపులోకి పోయి లేస్తాయి." నా వైపు తిరిగింది. "నెల తర్వాత మళ్లీ చూద్దాం. మాత్రలతో పెరగకపోతే ఇనుము నరానికి ఎక్కించాలి. కాన్పు నాటికి ఒంట్లో రక్తం ఉండి తీరాలి."

ఆ ఆఖరి మాట నాకు చెప్పనక్కర్లేదు.

ఆ రోజు నుంచి ఫ్యాక్టరీ తలుపుకు తాళం. తాళంచెవి నా నడుముకు. అమ్మాయి దిమ్మలు జారే చోటికి వచ్చి ముక్కుతో వాసన పీల్చుకునేది. బతిమాలింది, ఏడ్చింది, అలిగింది. ఒకసారి టీ ఫ్లాస్కు పట్టుకుని పిల్లిలా పోతుంటే ఆపాను. ఊపి చూస్తే గలగలమంది.

"టీకి ఎముకలుంటాయా?" అన్నాను.

ఫ్లాస్కు నా చేతిలో పెట్టేసింది. "సరే, ఓడిపోయాను. ఇక ముట్టుకోను నాన్నా. కడుపులో బిడ్డ మీద ఒట్టు."

గోడ అవతల చప్పుడు ఆగింది. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. కొన్నాళ్లకు ఒక ఉదయం ఆమె వాంతులతో లేచింది. ఆ వెంటే విరేచనాలు. ఒళ్లు పెనంలా కాలిపోయింది.

"మళ్లీ తిన్నావు కదూ?" అన్నాను.

"లేదు నాన్నా."

"అబద్ధాలాడకు. బిడ్డ మీద ఒట్టు పెట్టి మరీ తిన్నావు."

ఆమె నా వైపు ఒక్కసారి చూసి గోడవైపు తిరిగింది. అల్లుడు రెండు చేతుల మీద ఎత్తుకుని లారీలో పడుకోబెట్టాడు. అక్క కూడా ఎక్కింది. ఈసారి హారన్ కొట్టడం కూడా మరిచిపోయాడు.

ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం పెట్టి కడుపు మీద వెతికింది. వెతుకుతూనే ఉంది. ఉన్నట్టుండి గదంతా టకటకమంది, రాతి బాట మీద గుర్రం దౌడు తీసినట్టు.

"బిడ్డ గుండె. బాగానే ఉంది" అంది.

అల్లుడు అక్కడే, అందరి ముందూ భోరున ఏడ్చాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

"నిన్న ఏం తింది?" అని అడిగింది డాక్టరమ్మ.

"అన్నం, కూర. వేడిగానే పెట్టాను" అంది అక్క. "తర్వాత పుచ్చకాయ ముక్కలు. ఐసు మానేశాక రోజూ అవే తింటోంది. కాయను బాగా కడిగే కోశానమ్మా."

"కోసి ఎక్కడ పెట్టారు? ఫ్రిజ్‌లోనా?"

అల్లుడు ముక్కు తుడుచుకున్నాడు. "మా ఇంట్లో ఫ్రిజ్ లేదండీ. ఐసు ఫ్యాక్టరీ కదా."

మా వంటింట్లో ఒక పాత ఐసు పెట్టె ఉంది. రోజూ పొద్దున్నే దిమ్మలోంచి ఒక ముక్క కొట్టి అందులో వేస్తాం. దాని మీద పాలగిన్నె, కూరలు, కోసిన పండ్లు. దేనికీ మూత ఉండదు. కరిగిన నీళ్లలో పుచ్చకాయ ముక్కలు తేలుతుంటాయి. మా తాత నాటి నుంచీ అంతే. తాళం వేసిన ఫ్యాక్టరీలోంచి ఆ ముక్కను రోజూ ఇంటికి మోసుకొచ్చింది నేను.

డాక్టరమ్మ విని తల పట్టుకుంది. "ఆ ఐసే తినిపించారు. పండుకు పూసి తినిపించారు."

నేను అక్క వైపు చూశాను. నా నోటి దాకా వచ్చింది. మంచం మీద నుంచి అమ్మాయి నీరసంగా అంది, "అత్తను ఏమీ అనకు నాన్నా. ఐసు తెచ్చింది నువ్వు, పండు కోసింది అత్త, కూర్చుని మెక్కింది నేను."

మందుల చీటీ తీసుకుని బయటికి నడిచాను.

అమ్మాయి కోలుకుని ఇంటికొచ్చే రోజుకల్లా ఫ్రిజ్ కొన్నాను. దాన్ని లారీలోంచి దింపుతుంటే వీధంతా గుమిగూడింది.

"ఐసు ఫ్యాక్టరీ వాడికి ఫ్రిజ్ ఎందుకయ్యా?" అని టీ కొట్టువాడు అరిచాడు.

"నీ నోరు అందులో పెట్టి తలుపు వెయ్యడానికి" అన్నాను.

శుభ్రమైన ఐసు ఒకటీ అరా చప్పరిస్తే పరవాలేదని, పళ్లు మాత్రం విరగ్గొట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. నేనే నీళ్లు కాచి, చల్లార్చి, ట్రేలో పోసేవాణ్ణి. కోసిన పండు గిన్నెకు మూత పెట్టి, ఆ పూటకు ఆ పూటే అక్క పెట్టేది. కమలాపండు ఒక చేత్తో, మాత్ర ఒక చేత్తో పట్టుకుని పిల్ల ముందు పోలీసులా నిలబడేది. టీ పొడి డబ్బా ఎక్కడ దాచిందో నాక్కూడా చెప్పలేదు. గోడ అవతల మళ్లీ కరకర మొదలైంది. చప్పరించమంటే దానికి నమలడమే తెలుసు.

రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మంచం మీద వాలాను. చప్పుడు లేదు. కాసేపు చూశాను. లేదు. లేచి వెళ్లి తలుపు తోశాను.

అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని జడ వేసుకుంటోంది. పక్కన గ్లాసు. నేనిచ్చిన ఐసంతా నీళ్లయిపోయింది.

"తినలేదేం?"

"తినాలనిపించలేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది నాన్నా. చూస్తే ఐసులా ఉంది. అంతే."

నేను దాని గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి కనురెప్ప లాగాను. గులాబి రంగు! లేత గులాబి రంగు!

"అల్లుడూ! లారీ!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"లోడు..." అంటూ వచ్చిన అల్లుడు నా ముఖం చూసి ఎగిరి సీట్లో కూర్చున్నాడు.

"మీకు చెప్పిన రోజు ఇంకా రాలేదుగా?" అంది డాక్టరమ్మ. మా వెనక గేట్లో ఐసు నీళ్లు కార్చుకుంటూ నిలబడ్డ లారీని చూసి, ఇక మాట్లాడకుండా రక్తం తీయించింది. చీటీ వచ్చేదాకా అల్లుడు కూర్చోలేదు, నన్ను కూర్చోనివ్వలేదు.

"పెరిగింది. ఇంకా పెరగాలి. మాత్రలు ఆపకండి. ఇలాగే ఉంటే ఎక్కించాల్సిన పని లేదు" అంది.

అల్లుడు ఇంటిదాకా హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. ఈసారి ఎవరూ ఆపమనలేదు. అమ్మాయి కూడా చెయ్యి చాచి రెండుసార్లు కొట్టింది.

అక్క వంకర గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమన్నార్రా?"

"రక్తం పట్టింది."

అక్క అక్కడే మెట్టు మీద కూలబడింది. ముఖం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి, "ఆనాడు నేను..." అని మొదలుపెట్టింది.

"ఆ మాట ఎత్తకు" అన్నాను.

ఎత్తితే ఏమంటానో నాకు తెలుసు. అది మారలేదు. ఆమె పక్కన, అదే మెట్టు మీద కూర్చున్నాను.

"లేచి టీ పెట్టు" అన్నాను. "నీకూ నాకూ."

"మరి నాకు?" అని లారీలోంచి అమ్మాయి అరిచింది.

"మాత్ర ఎప్పుడు వేసుకున్నావే?" అక్క తలెత్తింది.

"ఆస్పత్రిలోంచి వస్తూ, ఇప్పుడే."

"అయితే నీకు లేదు పో" అన్నాం ఇద్దరం.