నిశ్శబ్దం గారి గదిలో కచేరీ

విశ్వవిద్యాలయం పెద్ద హాల్లో పైకప్పు పెచ్చు ఊడి ముందు వరస కుర్చీల మీద పడినప్పుడు, అదృష్టం కొద్దీ, ఆ కుర్చీల్లో ఎవరూ లేరు. వేదిక మీద మైకు మేడమ్ ఒక్కతే ఉంది. దుమ్ము కాస్త సర్దుకున్నాక ఆవిడ నోటి వెంట వచ్చిన మొదటి మాట "అయ్యో, సోమవారం ఉపన్యాసం!" అని. చేతిలో మైకు ఉండడంతో ఆ మాట ఖాళీ హాలంతా మోగింది.

ఊళ్లోవాళ్లు ఎవరైనా వచ్చి కూర్చోగలిగే ఉపన్యాసాలు, కచేరీలు, సినిమా ప్రదర్శనలు ఏర్పాటు చేయడం ఆవిడ ఉద్యోగం. దానికొక విభాగం ఉంది. విభాగమంటే ఆవిడ, ఒక బల్ల, బల్ల కింద చిక్కుపడిన వైర్ల పెట్టె. ప్రతి కార్యక్రమానికీ ముందు తానే మైకు పట్టుకుని చివరి వరస దాకా పరీక్షించుకుంటుంది గనక విద్యార్థులు ఆ పేరు పెట్టేశారు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇంట్లో తప్ప ఎవరూ మిగల్లేదు.

ఇంజనీరు వచ్చి పైకి చూసి, కింద చూసి, హాలుకి తాళం వేయించాడు. మైకు మేడమ్ రిజిస్ట్రార్ గదికి పరుగెత్తింది.

"వాయిదా వేసేయండమ్మా. హాలు బాగయ్యాక చూద్దాం," అన్నారాయన ఫైల్లోంచి తలెత్తకుండా.

"పోయిన ఏడాదీ అదే అన్నారు సార్. కరెంటు పనులున్నాయని వాయిదా వేశాం. అలా వెళ్లిన కార్యక్రమాలు ఇంతవరకూ తిరిగి రాలేదు."

"మరేం చేస్తారు? సోమవారం ఉపన్యాసం, గురువారం కచేరీ, శనివారం సినిమా. రోడ్డు మీద పెడతారా?"

"హాలు మూశారు గానీ యూనివర్సిటీ మూయలేదు కదా సార్. నేను చూసుకుంటాను."

ఆయన ఇప్పుడు తలెత్తారు. "మీ ఇష్టం. అభాసుపాలైతే మాత్రం నా దగ్గరికి రాకండి."

ఇంటికొచ్చి చెబితే అత్తగారు వింటున్న రేడియో కట్టేసింది. "వాయిదా గియిదా అంటే నేనూరుకోను. శనివారం సినిమాకి పక్కింటావిణ్ణి కూడా పిలిచాను. మా కోడలే వేయిస్తోందని గొప్పలు కూడా పోయాను. ఇప్పుడు నా పరువేం గాను?"

"మీ పరువు కోసమైనా జరిపిస్తానత్తయ్యా," అంది కోడలు నవ్వుతూ. నవ్విందే గానీ, ఎక్కడ, ఎలా అన్నది ఆవిడకీ తెలియదు.

సోమవారం ఉపన్యాసం భూకంపాల మీద. పైకప్పు కూలాక భూకంపాలా అని విద్యార్థులు ఒకటే నవ్వు. ఉన్నవాటిలో పెద్ద గది క్యాంటీనే కాబట్టి అక్కడ ఏర్పాటు చేసింది. జనం బాగానే వచ్చారు. కానీ ప్రొఫెసర్ గారిది మైకుకి కూడా అందని మెత్తటి గొంతు. వెనక వంటగదిలో గిన్నెలు తోమే చప్పుడు ఆగదు. ఆగమని చెప్పి వస్తే కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. వాళ్ల పని వాళ్లది. ఆయన భూమి పొరలు కదలడం గురించి చెబుతున్న ప్రతిసారీ లోపల ఏదో ఒక పళ్లెం దొర్లేది. సగం మంది మధ్యలోనే లేచిపోయారు. చివరిదాకా కూర్చున్న పెద్దాయన ఒకరు వెళుతూ, "ఒక్క ముక్క వినపడలేదమ్మా. టీ మాత్రం బాగుంది," అని నిజాయితీగా చెప్పి వెళ్లారు.

తలుపు దగ్గర రిజిస్ట్రార్ నిలబడి ఉన్నారు. ఖాళీ అయిన కుర్చీలు ఒకసారి లెక్కపెట్టి వెళ్లిపోయారు. నాలుగు మాటలన్నా బాగుండేదనిపించింది.

ప్రొఫెసర్ గారి ముఖం చూడలేక తల దించుకుని వైర్లు చుట్టింది. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయింది.

"ఏమైందే?" అంది అత్తగారు.

"చెడిపోయిందత్తయ్యా."

"ఎవరు చెడగొట్టారు?"

"గిన్నెలు."

"అంతే కదా! గిన్నెలు లేని చోటు వెతుక్కో. ముందు తిను."

గిన్నెలు లేని చోటు. చప్పుడన్నదే లేని చోటు. ఆ క్యాంపస్ మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉంది. మైకు మేడమ్ తినడం మొదలుపెట్టింది.

లైబ్రేరియన్‌ని అందరూ 'నిశ్శబ్దం గారు' అంటారు, ఆయనకి వినపడకుండా. ఆయనకి వినపడనిదంటూ ఏమీ లేదన్నది వేరే సంగతి. అడుగుల చప్పుడు రాని బూట్లు వేసుకుంటారు. కిర్రుమనే కుర్చీ కనబడితే స్వయంగా వంగి నూనె చుక్క వేస్తారు. కోపం వచ్చినా గుసగుసగానే తిడతారు.

మంగళవారం పొద్దున్నే వెళ్లి విషయం చెప్పింది.

"కచేరీయా? ఇక్కడా?" గుసగుస పిడుగులా పడింది. "మీకు మతి గానీ పోయిందా?"

"మైకు ఉండదు సార్. పాడేది ఒక్కరే, పక్కన వయొలిన్ ఒక్కటే."

"పరీక్షలు దగ్గరపడ్డాయి. పిల్లలు చదువుకుంటున్నారు. వెళ్లిరండి."

వెళ్లింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. ఆయన చూపుడువేలు తలుపు వైపు చూపించింది. సాయంత్రం వచ్చి ఈసారి ఏమీ అడగకుండా ఓ మూల కూర్చుని ఆ గదిని విన్నది. ఎత్తైన కప్పు, చుట్టూ పుస్తకాల అరలు. ఆ కొసన ఎవరో పేజీ తిప్పితే ఈ కొసకి తెలుస్తోంది, కానీ ప్రతిధ్వని లేదు. లేచి వెళుతుంటే నిశ్శబ్దం గారు ఎదురొచ్చారు.

"ఇంకా ఎన్నిసార్లు వస్తారు?"

"మీరు సరేననే దాకా సార్."

"మొండిఘటమే," అని గొణుక్కుంటూ వెళ్లిపోయారాయన.

బుధవారం గాయని గారు ఊళ్లో దిగారు. వయసు మీదపడినావిడ. గొంతుకి ఆపరేషన్ అయ్యాక మునుపటిలా పెద్దగా పాడలేకపోతున్నారు. హాలు మూసేశారని చెబితే కంగారుపడతారనుకుంది మైకు మేడమ్. ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు.

"నిజం చెప్పనా అమ్మాయ్? ఆ పెద్ద హాలు తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు. మైకు పెడితే నా గొంతులో గరుకంతా బయటపడుతుంది. మైకు లేకపోతే అసలు గొంతే బయటపడదు. రాననేద్దామనుకున్నాను."

"ఒక్కసారి నాతో రండమ్మా. గది చూసి అప్పుడు చెప్పండి."

ఇద్దరూ లైబ్రరీకి వెళ్లారు. గాయని గారు కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక్క స్వరం అందుకున్నారు. గట్టిగా కాదు, ఉయ్యాల్లో బిడ్డకి వినపడేంత. చదువుకుంటున్న పిల్లలు ఒక్కొక్కరే తలెత్తారు. నిశ్శబ్దం గారు అరల మధ్య నుంచి చరచరా వచ్చారు. ఇప్పుడు బయటికి గెంటేస్తారని మైకు మేడమ్ సిద్ధపడింది. ఆయన వచ్చి, నిలబడి, స్వరం పూర్తయ్యేదాకా అలాగే ఉండిపోయారు.

తర్వాత గొంతు సవరించుకున్నారు. "చదువుకునేవాళ్లని లేపడానికి వీల్లేదు."

"లేపం సార్."

"చప్పట్లు పనికిరావు."

"వద్దు సార్."

"నేను చెయ్యెత్తితే ఆపేయాలి. అక్కడికక్కడే."

మైకు మేడమ్ గాయని వైపు చూసింది. ఆవిడ తలూపారు.

గురువారం సాయంత్రం జనం చెప్పులు గుమ్మం బయటే వదిలి పిల్లుల్లా లోపలికొచ్చారు. కుర్చీలు చాలక అరల మధ్య నేల మీద కూర్చున్నారు. అత్తగారు, పక్కింటావిడ నిఘంటువుల పక్కన సర్దుకున్నారు. పరీక్షలున్న పిల్లలు పుస్తకాలు తెరిచే ఉంచారు. తలుపు పక్కన చేతులు కట్టుకుని రిజిస్ట్రార్.

మొదటి పాట సగం వరకూ గాయని గొంతు వణికింది. తర్వాత నిలబడింది. వయొలిన్ కూడా ఆవిడ కంటే ఒక మెట్టు కిందే నడిచింది. గొంతులో గరుకు అలాగే ఉంది, కానీ దాన్ని దాచాల్సిన పని లేకపోయింది. రెండో పాట మంచి పట్టులో ఉండగా నిశ్శబ్దం గారి చెయ్యి లేచింది.

పాట ఠక్కున ఆగింది. గది మొత్తం ఆయన వైపే తిరిగింది.

ఆయన కంగారుపడ్డారు. "మీరు కాదమ్మా, మీరు కాదు! మీరు పాడండి!" జీవితంలో మొదటిసారి ఆ గదిలో గొంతెత్తి అన్నారు. ఎత్తిన చేతిని తలుపు వైపు తిప్పారు. "ఆయన జేబులో ఫోను గుర్రుమంటోంది. చెయ్యెత్తింది దానికి."

అందరూ అటు చూశారు. ఎర్రబడ్డ ముఖంతో రిజిస్ట్రార్ ఫోను తీసి కట్టేశారు.

నవ్వు ఆపుకోవడానికి జనం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. గాయని గారికి ఆగలేదు. హాయిగా నవ్వేసి, వదిలిన చోటే అందుకున్నారు. ఆ తర్వాత ఆవిడ గొంతులో భయమన్నది వినపడలేదు.

పాటలయ్యాక చప్పట్లు కొట్టకూడదు కాబట్టి ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అలాగే కూర్చుండిపోయారు. గాయని గారు లైబ్రేరియన్ వైపు చూసి, "ఇంకొకటి పాడనా?" అన్నారు.

ఆయన గోడ గడియారం చూశారు. "మూసే వేళయింది." ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పాడండి. తాళంచెవి నా దగ్గరే ఉంది."

మర్నాడు రిజిస్ట్రార్ పిలిపించారు. ఫోను ఊసెత్తలేదు. "హాలు ఇప్పట్లో తెరుచుకోదంటున్నారు," అన్నారు.

"తెలుసు సార్. సినిమాని వాహనాల షెడ్డులో వేస్తున్నాం. రేపు సాయంత్రం కార్లు తీయమని మీరు చెబితే అందరూ వింటారు."

ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూశారు. "ముందు నా కారే తీయాలన్నమాట."

"అవును సార్. సరిగ్గా తెర కట్టే చోట ఉంది."

శనివారం ఆ కారు అక్కడ లేదు. ఇనుప స్తంభాల మధ్య తెల్ల తెర కట్టారు. గాలి వీచినప్పుడల్లా హీరోయిన్ బుగ్గలు ఉబ్బేవి, జనం గొల్లుమనేవాళ్లు. కన్నీళ్లొచ్చే ఘట్టంలో మాత్రం గాలి కూడా ఆగింది. మధ్యలో ఎవరూ లేవలేదు. పక్కింటావిడ ముక్కు తుడుచుకుంటుంటే అత్తగారు, "మా కోడలు" అని ఏదో చెబుతూనే ఉంది.

ఆట అయ్యాక మైకు మేడమ్ చీర కొంగు బిగించి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది. చేతులు నొప్పెడుతున్నాయి, ఆకలి దంచేస్తోంది. వెళ్లిపోతున్న వాళ్లలో కొందరు వెనక్కొచ్చి తలా రెండు కుర్చీలు అందుకున్నారు.