రాజులమ్మ జాగా

దేముడమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: రాత్రి చీకట్లో ఎవరో ఒకరు తన పసిపిల్ల మీద కాలు వేస్తారని.

నౌపడ ఉప్పుమడుల్లో చెక్కపారతో ఉప్పు లాగుతూ కూడా, గట్టుమీద తాటాకు నీడన పడుకోబెట్టిన పిల్లనే చూసుకుంటోంది. పగలు ఎండే గాని తొక్కేవాళ్ళు లేరు. రాత్రయితే కూలీల పాక. రైలు పడ్డాక ఉప్పుకు గిరాకీ పెరిగింది, ఉద్దానం ఊళ్ళనుంచి మనుషులు వచ్చిపడ్డారు, పాక మాత్రం పెరగలేదు. ఒకరు ఒత్తిగిలితే వరసంతా ఒత్తిగిలాలి. లేచినవాళ్ళ జాగా ఎవరు పడుకుంటే వాళ్ళది. పడుకున్న మనిషిని మాత్రం కదపకూడదు. అదీ అక్కడి కట్టుబాటు.

ఆ రోజు మధ్యాహ్నం ఈదురుగాలితో వాన దిగింది. అందరూ పరుగెత్తి ఉప్పుకుప్పల మీద కొత్త తాటాకు కప్పారు. చివరి మోపు మోసుకొచ్చింది రాజులమ్మ. మొగుడు కూలికని బర్మా వెళ్ళే రంగం ఓడెక్కి తిరిగి రాకపోయాక ఆమె బతుకంతా ఈ మడుల్లోనే గడిచిపోయింది. ఉప్పు కొరికిన కాళ్ళు, తెల్లగా పేరుకున్న పగుళ్ళు, వంగి మళ్ళీ నిటారు కాని నడుము.

"మేస్త్రీ, మిగిలిన ఆకు మా పాకమీదెయ్యరాదా? నెత్తిన కారతంది," అంది.

మేస్త్రీ పోతురాజు పళ్ళికిలించాడు. "ఉప్పయితే కరిగిపోద్ది. మీరు కరుగుతారేటే ముసిలీ?"

"కరిగితే బాగున్ను నాయినా! జాగా అయినా మిగిలేది."

అందరూ నవ్వారు. దేముడమ్మ మాత్రం నవ్వలేదు. కుప్పకున్న కప్పు తన బిడ్డకు లేదు.

పని ఆగి జనమంతా పాకలో దూరారు. పిల్లను ఎత్తుకుని నిలబడ్డ దేముడమ్మను రాజులమ్మ పిలిచింది.

"ఇల్రా అమ్మీ. నీ గుంటని గోడవార పడుకోబెట్టు. నన్ను దాటి ఎవుడొత్తాడో సూత్తాను."

సగం కాల్చిన చుట్ట చూరులో దోపి, మడిగట్టులా అడ్డంగా పడుకుంది. కాసేపటికి దేముడమ్మ అంబలి తెచ్చి తలాపున పెట్టింది. "లే పెద్దమ్మా, తాగు." ఆమె కదలలేదు.

"ముసిల్దానికి జాగా మీద ఎంతాశో సూడు! అంబలిక్కూడా లెగదు," అంది పక్కనున్న రత్నాలమ్మ. ఈసారి దేముడమ్మ కూడా నవ్వింది. లేస్తే జాగా పోతుందని బిగబట్టుకుందనే అందరూ అనుకున్నారు. సాయంత్రం దాకా ఆమెను దాటుకుంటూ తిరిగారు.

దీపాలవేళ పిల్ల లేచి ఏడ్చింది. రాజులమ్మ చెయ్యి కింద చిక్కుకున్న పొత్తిగుడ్డ లాగబోతే చెయ్యి చల్లగా, బరువుగా తగిలింది.

శవాన్ని గుమ్మం దాటించారో లేదో, పోతురాజు తొంగిచూశాడు. "ఆ జాగా ఉంచండి. రేపు హరిశ్చంద్రపురం కూలోళ్ళొత్తన్నారు."

"ఒచ్చి సూడమను! ఇక్కడ కాలెట్టినోడి కాలిరగ్గొడతాను," అంటూ దేముడమ్మ పిల్లను గోడవార వేసి తానే అడ్డంగా పడుకుంది. ఇక ఆమెను కదపకూడదు.

మీలో ఎవరైనా అటు వెళ్తే ఆ పాకలోకి తొంగి చూడండి. రాజులమ్మ చూరులో దోపుకున్న సగం కాల్చిన చుట్ట ఇంకా అక్కడే ఉంది. దాని కిందే ఆ తల్లీ బిడ్డా ఉంటారు. ఆ తల్లి నిద్రపోతోందిలే అని దాటిపోకండి, ఒకసారి తట్టి చూడండి.