గుమ్మం వదలని ఆడవాళ్లు

చంటితల్లికి అన్నిటికన్నా భయం ఒకటే: నిప్పంటుకున్న వేళ తలుపుకు తాళం ఉండటం. ఆమె పనిచేసే కుట్టు హాలుకు ఉన్నది ఒక్కటే తలుపు. మిషన్లు మొదలవగానే సూపర్‌వైజర్ బయటినుంచి తాళం వేస్తాడు, బట్ట ఎత్తుకుపోతారని. హాలు వెనక గదిలో, ఉయ్యాలలో ఆమె పాప.

ఆ రోజు ఇస్త్రీ బల్ల కింద పీలికలు రాజుకున్నాయి. ఆడవాళ్లంతా తలుపు మీద పడి బాదారు. ఎవరూ పలకలేదు. తాగే నీళ్లన్నీ గుమ్మరించి వాళ్లే ఆర్పుకున్నాక, టీ ముగించి తీరిగ్గా వచ్చాడు సూపర్‌వైజర్.

“ఆరిపోయిందిగా, ఇంకేంటి గోల?”

“మా ప్రాణాలు పోతే?” అంది పెద్దక్క, హాల్లో అందరికన్నా పాత మనిషి.

“తాళం వెయ్యకూడదని ఏ చట్టంలో ఉందో చూపించు. అప్పుడు మాట్లాడదాం.”

సెలవు రోజున అందరూ లైబ్రరీకి నడిచారు. కార్మిక చట్టాల పుస్తకం ముందేసుకుని, చివరి పేజీల్లోని సూచికలో ‘తాళం’ వెతికారు. లేదు. ‘గొళ్లెం’. అదీ లేదు.

“వాడన్నదే నిజమేమో అక్కా!” అంది చంటితల్లి.

లైబ్రేరియన్ కళ్లజోడు పైకి తోసింది. “మన నోట్లో మాటలు చట్టంలో ఉండవమ్మా. ‘అగ్నిప్రమాదం’ కింద చూడండి.”

ఉంది! పని జరుగుతుండగా ఏ తలుపుకూ తాళం వేయరాదు. పెద్దక్క చెంగు బిగించి లేచింది.

“కూర్చో తల్లీ,” లైబ్రేరియన్ ఆపింది. “ ఈ పుస్తకం పాతది. తర్వాత ప్రభుత్వం మార్చిందేమో? మార్పులన్నీ గెజిట్లలో వేస్తారు. ఏడాదివారీగా ఆ బీరువాలో ఉన్నాయి.”

తలా కొన్ని సంవత్సరాలు పంచుకుని, లైబ్రరీ మూసే వేళదాకా తిరగేశారు. ఆ సెక్షన్ మారలేదు. కానీ పుస్తకం బయటికివ్వరు, జిరాక్స్ మిషన్ చెడిపోయింది.

“తలా ఒక వాక్యం కంఠతా పట్టండే,” అంది పెద్దక్క. “కాగితం మీద రాసుకుంటే వాడు సోదా చేసి లాక్కుంటాడు. మన తలకాయల్లో చెయ్యి పెట్టలేడుగా!”

మర్నాడు తాళం పట్టుకుని వచ్చిన సూపర్‌వైజర్ ముందు పెద్దక్క చట్టం పేరూ సెక్షన్ నంబరూ చెప్పింది. పక్కామె తర్వాతి వాక్యం. ఆ పక్కామె ఆ తర్వాతిది.

“అదెప్పుడో మార్చేశారు, పోండి!”

ఇప్పుడు చంటితల్లి వంతు. ఎనిమిదో తరగతిలో బడి మానిన మనిషి ఒక అడుగు ముందుకేసింది. “మారలేదు. మొన్నటి గెజిట్టు దాకా అన్నీ చూశాం.”

గొడవ చేస్తున్నారని అతను స్టేషన్‌కు ఫోన్ చేశాడు. పోలీసులొచ్చి పెద్దక్కను వ్యాన్‌లోకి నెట్టారు.

“ఆవిడొక్కతేనా చదివింది? మమ్మల్నీ ఎక్కించండి!” అని అరిచారు మిగతా ఆడవాళ్లు.

వ్యాన్ వెళ్లిపోయింది. సూపర్‌వైజర్ మళ్లీ తలుపు లాగబోయాడు. చంటితల్లి పాపను ఎత్తుకొచ్చి గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది. ఆమె పక్కన ఒకరు, వెనక ఇంకొకరు. మిషన్లన్నీ ఆగిపోయాయి.

ఇప్పటికీ అక్కడే ఉన్నారు. స్టేషన్‌కు ఫోన్ చేస్తే, అలాంటి మనిషెవరూ రాలేదంటున్నారు. వెతకడానికి లేస్తే సూపర్‌వైజర్ తలుపు మూసేస్తాడు. అన్నలారా, అక్కలారా, చదువుకునే పిల్లల్లారా, మీ కాళ్లకు అడ్డం లేదు కదా! ఆ స్టేషన్‌కు వెళ్లండి. కుట్టు హాలు పెద్దక్క ఎక్కడని అడగండి. ఆమె గొంతు మీ చెవులతో వినేదాకా అక్కణ్ణుంచి కదలకండి.